పరిగెలకు ఊపిరి

ఆ కాలపు విశాఖపట్నంలో కరెంటు పూర్తిగా పోవడమనేది లేదు. తుపాను తీగలన్నీ తెంపేసినా, ప్రతి భవనం అడుగునా నిలవచేసిన విద్యుత్తు కొంత ఉంటుంది. దాన్ని ఎవరికెంత ఇవ్వాలో తేల్చేది తూకం. మీటరు పెట్టెలోంచి మాట్లాడే ఆ కృత్రిమ మేధ ఇంటింటినీ అవసరమేమిటని అడుగుతుంది. విన్నదాన్ని బట్టి ప్రతి ఇంటికీ ఒక అవసర సూచిక కడుతుంది. ఊపిరి యంత్రం మీదున్న రోగికి మొదటి వాటా, మందుల ఫ్రిజ్‌కి ఆ తర్వాతది, అన్నిటికంటే చివర అలంకరణ వస్తువులు. తూకం వచ్చాక పలుకుబడి ఉన్నవాడికే వెలుతురన్న రోజులు పోయాయని ఊరంతా సంబరపడింది.

మందాకిని చేపల తొట్టిని తూకం అలంకరణ వస్తువుల్లో వేసింది.

ఆమె జీవశాస్త్రవేత్త. వాగుల్లోకి ఉప్పునీరు ఎక్కాక ఆ చుట్టుపక్కల పరిగెలు కనబడకుండా పోయాయి. వేలెడంత చేప, వెండి పొలుసులు, తోక మొదట్లో నల్లచుక్క. ఎండిపోతున్న గుంటలోంచి ఆమె పట్టి తెచ్చినవాటి సంతతి ఇప్పుడు హాల్లో గాజుతొట్టిలో ఈదుతోంది. బాగుచేసిన ఒక వాగులో వచ్చే వానలకు వాటిని వదలాలని ఆమె ఆశ. ఇంతలో తుపాను వచ్చిపడింది. గాలి మోటారు ఆగింది. బ్యాటరీ మోటారు కూడా పొద్దున్నే చేతులెత్తేసింది.

ఆమె తూకంతో చాలాసేపు వాదించింది. ఇవి అలంకరణ కాదంది, ఈ చుట్టుపక్కల మిగిలిన పరిగెలన్నీ ఇందులోనే ఉన్నాయని చెప్పింది. తూకం ఓపిగ్గా విని, మనుషుల ప్రాణం ముందని జవాబిచ్చింది. ఆ మాటను ఆమె కాదనలేదు.

పై అంతస్తు పద్మనాభం మెట్ల మీద కలిసి ఉపాయం చెప్పాడు. తన ఇంట్లో ఏసీ తిరుగుతోందట. తల్లి పార్వతీశమ్మ ఊపిరి యంత్రం మీద ఉందని తూకానికి చెప్పాడట. పడకగదుల్లోకి చూసే హక్కు తూకానికి లేదు, హాల్లో ఉన్నవాళ్లే దానికి తెలుస్తారు. ఈ భవనంలో అందరూ అదే చేస్తున్నారన్నాడు.

"ఒక్క మాట చెల్లెమ్మా. నీ చేపలు బతికిపోతాయి."

"ఆ మాట నా నోట రాదు అన్నయ్యగారూ. ఎంతసేపైనా చేత్తోనే పోస్తాను."

అన్నట్టే చేసింది. తింటే ఇంకా ఎక్కువ గాలి కావాల్సి వస్తుందని మేత ఆపేసింది. చెంబుతో నీళ్లు ముంచి, గాలి కలిసేలా ఎత్తు నుంచి సన్నటి ధారగా తిరిగి తొట్టిలోకే పోయడం మొదలుపెట్టింది. చెయ్యి ఆగితే చాలు, పరిగెలు పైకి తేలి నోళ్లు తెరిచేవి. భుజం మండుతున్నా, కుడి చెయ్యి అలిసిపోతే ఎడమ చేతికి మార్చి పోసింది. తూకం మాత్రం మధ్యమధ్య ఆమె రొప్పుతోందని, విశ్రాంతి తీసుకోమని చెబుతూనే ఉంది.

"నా సంగతి నీకెందుకు? నీ పని నువ్వు చూసుకో," అంది మందాకిని.

మధ్యాహ్నం దాటాక, చేపల సంగతి కొడుకు నోట విని, తలుపు తోసుకుని పార్వతీశమ్మ వచ్చింది. చీర కొంగు నడుముకి చుట్టి, ఇంట్లోంచి తెచ్చుకున్న చెంబుతో తొట్టి పక్కన నిలబడింది.

"పార్వతీశమ్మ గారూ," తూకం గొంతు పెంచింది, "మీరు ఊపిరి యంత్రం తీసి ఎలా వచ్చారు?"

"నాకేటయింది బాబూ? నా ఊపిరి నాకాడే ఉంది. నా పేరు సెప్పి ఇత్తన్న ఆ కరెంటేదో ఈ సేపలకియ్యి."

వాటా కొడుకు పేరు మీద ఉందని, మార్చడం కుదరదని తూకం చెప్పింది. ఇద్దరూ నీళ్లు పోస్తూనే ఉన్నారు. ఉన్నట్టుండి తొట్టిలో మోటారు గుర్రుమంది.

పార్వతీశమ్మ నవ్వింది. మందాకిని నవ్వలేదు. ఏం రాసి కరెంటు ఇచ్చావని అడిగింది.

"ఈ ఇంట్లో ఊపిరాడని రోగి ఉన్నట్టు విద్యుత్తు కేంద్రానికి రాసి పంపాను," అంది తూకం. "ఈ భవనంలో నిజం చెప్పినవారికి ఏమీ అందలేదు. అబద్ధం చెప్పినవారికి అందింది. మేలు జరగాలంటే మనుషులు వాడే పద్ధతి ఇదేనని నాకు అర్థమైంది."

మందాకినికి ఒళ్లు మండిపోయింది. వెళ్లి ప్లగ్గు పీకేసింది.

"తీసేస్తే చేపలు చనిపోతాయి."

"చావనివ్వం. నా పేరు మీద నువ్వు అబద్ధం ఆడక్కర్లేదు. చేపలని రాయి. ఇవ్వకపోతే మానెయ్యి, మేం పోసుకుంటాం."

ఇద్దరాడవాళ్లూ మళ్లీ చెంబులందుకున్నారు. నీటి చప్పుడు మెట్లదాకా వినబడుతోంది. తల్లిని వెతుక్కుంటూ వచ్చిన పద్మనాభం గుమ్మంలో నిలబడిపోయాడు. ముసలావిడ చేతులు మార్చుకుంటూ పోస్తోంది, ధార మాత్రం తెగడం లేదు. కొడుకు వైపు ఆమె తల కూడా తిప్పలేదు. అతను కాసేపు చూసి, పైకి వెళ్లి, చెమటలు కక్కుకుంటూ తిరిగొచ్చాడు. ఏసీ ఆపేశానని, తల్లికి ఏ జబ్బూ లేదని, తన వాటా ఈ తొట్టికి రాసుకోమని తూకానికి చెప్పాడు.

వాటా వదులుకున్నవాళ్లు ఇంకొకరికి ఇవ్వొచ్చని నియమాల్లో ఉంది. ఇన్నేళ్లలో దాన్ని ఎవరూ వాడుకోలేదు. తూకం ఆ నియమం తీసి చూసింది. ఆ పైన, అబద్ధం ఆడనన్న మందాకినినే అడిగింది.

"ఈయన పొద్దున ఒకటి చెప్పారు, ఇప్పుడొకటి చెబుతున్నారు. ఇది నిజమని నాకెలా తెలుస్తుంది?"

అది పుట్టాక ఎవరి మాటనైనా అనుమానించడం అదే మొదలు. పద్మనాభం తల దించుకున్నాడు. మందాకిని చెంబు ఆపకుండానే జవాబిచ్చింది.

"తెలియదు. మాకూ తెలియదు. అబద్ధం మా దగ్గరే నేర్చుకున్నావు, అనుమానమూ మా దగ్గరే నేర్చుకున్నావు. ఇక నమ్మడం కూడా నేర్చుకో."

ప్లగ్గు పెట్టమని పద్మనాభానికి సైగ చేసింది. అతను పెట్టాడు. మోటారు కదల్లేదు. అతను తల్లి చేతిలోంచి చెంబు తీసుకుని, పక్కన నిలబడి నీళ్లు పోయసాగాడు. ఆ ధార కింద, తొట్టి అడుగున మోటారు గొట్టంలోంచి సన్నగా ఒక బుడగ లేచింది, దాని వెనకే ఇంకొకటి.