కూత నొక్కితే గంట

నాగర్‌కర్నూల్‌లో పెండ్లికి పోయి వచ్చిన బాలనాగమ్మ నల్లా కింద బిందె పెట్టిందట, నోరు విప్పిందట. బస్టాండు వెనక సందులో లింగస్వామి బిడ్డ ఉమ ఎవరిదో మోటర్ల దుకాణం ముందు బాసింపట్టు వేసుకొని కూర్చొని, మగవాడిలాగా రాగితీగ చుడుతోందట. మోచేతుల దాకా నల్ల నూనెనట. చూసీ చూడనట్టు పోదామంటే తనే పిలిచి, మీ బోరు మోటరు కాలితే ఈడికే తీసుకరా పెద్దమ్మా అన్నదట. నల్లా దగ్గర విన్నదంతా ఈరమ్మ ఇంటికి మోసుకొచ్చి, మొగుడు లింగస్వామి ముందు చాయ్ గ్లాసు పెడుతూ ఒక్క ముక్క వదలకుండా అప్పజెప్పింది.

లింగస్వామి చాయ్ ఒక్క గుక్కలో తాగి గ్లాసు పక్కన పెట్టాడు. వనపర్తిలో ముప్పై ఏండ్లుగా, కాలిన మోటర్లకు కొత్త తీగ చుట్టే ఆయన వైండింగు దుకాణానికి బోర్డు లేదు, అవసరం పడలేదు. పెద్దమందడి దాకా ఎవరి మోటరు కాలినా ట్రాక్టరులో వేసుకొని నేరుగా ఆయన గడపకే వచ్చేవారు. లింగస్వామికి చేతివాసి ఉందని, ఆయన చుట్టిన మోటరు మూడు ఎండాకాలాలు చూస్తుందని పేరు. బిగించిన మోటరు ఉల్టా తిరుగుతోందని ఏ రైతయినా లబలబలాడుతూ వస్తే, రెండు తీగలు అటుదిటు మార్చుకో పో అని కూర్చున్నచోటు నుంచి లేవకుండానే పంపేవాడు.

ఇప్పుడు ఆ చేతులే వణుకుతున్నాయి. సన్నతీగ చుట్టబోతే తెగుతోంది. అందుకే వచ్చే బేస్తవారం దుకాణం తాళాలు తమ్ముడి కొడుకు రంజిత్‌కు ఇస్తానని మాటిచ్చాడు. రంజిత్‌కు వైండింగు రాదు. రాకపోతే ఏం, మగపిల్లవాడు, నేర్చుకోకపోతాడా అన్నది ఆయన లెక్క.

ఈరమ్మ ఇంకా గ్లాసు తీయనే లేదు, ఉమ వచ్చింది. మొదటి బస్సుకు వచ్చినట్టుంది, చెమటకు జాకెట్టు వీపుకు అంటుకుపోయి ఉంది. కాళ్లు కడుక్కుంది, తల్లి ఇచ్చిన నీళ్లు తాగింది, తండ్రికి ఎదురుగా కింద కూర్చుంది. బాలనాగమ్మ చెప్పింది నిజమేనని తనే ఒప్పుకుంది. పెండ్లయ్యాక మొగుడు నాగేశ్ చేర్పిస్తే ఐటీఐ చదివింది. నాలుగేండ్లుగా ఆ దుకాణంలో పని చేస్తోంది.

"దుకాణం రంజిత్‌కు ఇస్తున్నవంట. నాకియ్యి నాయినా. నాగేశ్ కూడ ఈడికే వస్తనన్నడు, ఆటో యాడనన్న నడుపుకుంటడు."

"నీకు చేతివాసి లేదు బిడ్డా. గది ఎప్పుడో తేలిపాయె."

ఎప్పుడు తేలిందో ఆ ఇంట్లో ముగ్గురికీ తెలుసు.

కరువుకు రెండేండ్లు బొంబాయి పోయినప్పుడు, లింగస్వామి ఒక పార్సీ ముసలాయన ఇంట్లో ఫ్యాన్లు బాగుచేసేవాడు. ఇల్లు ఖాళీ చేసే రోజున ఆయన ఒక బొమ్మరైలు ఇచ్చాడు. ఇంజన్ కొత్త రకం, లోపల చిన్న స్పీకరు ఉండేది. ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం ముసలాయన చిన్నప్పటిది. నల్ల డబ్బా, ఒక పక్క స్పీడు పిడి, ఇంకో పక్క కూత బటన్. అది విదేశాల సామాను, వాళ్ల కరెంటు మన దాంట్లో సగమే కాబట్టి మధ్యలో ఇంకో డబ్బా పెట్టి నడిపేవారు. ప్రతి ఆదివారం సాయంత్రం లింగస్వామి అరుగు మీద పట్టాలు పరిచి కూత వేయిస్తే, గద్వాల స్టేషన్‌ అరుగు మీదికే వచ్చినట్టు వాడంతా మురిసిపోయేది.

ఒకసారి మధ్య డబ్బా కాలిపోయింది. ఇంకొకటి ఎక్కడ దొరుకుతుందని లింగస్వామి నల్ల డబ్బానే దుకాణానికి పట్టుకపోయి, మన కరెంటుకు సరిపోయేట్టు తన చేత్తో మళ్లీ చుట్టి, తీగలు బిగించి తెచ్చాడు. అదే రోజు ఇంట్లో పన్నెండేండ్ల ఉమ ఇంజన్ విప్పి, కుళ్లిన బ్యాటరీ తీసి కొత్తది వేసింది. సాయంత్రం అందరూ కూడాక లింగస్వామి కూత బటన్ నొక్కాడు. టింగు టింగుమని గంట మోగింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ గంటే. ఎవరో పక్కున నవ్వారు. ఇంజన్ ఎవరు విప్పారని అడిగితే ఉమ ముందుకొచ్చింది. అందరి ముందు చెంప మీద కొట్టాడు. చెంప పట్టుకొని ఆ పిల్ల ఏదో గొణిగింది. ఏం గొణిగిందో ఆయన పట్టించుకోలేదు. నీ చెయ్యి పడితే బంగారమైనా మన్నేనన్నాడు. బడి వదిలాక దుకాణానికి వచ్చి, పక్కన కూర్చొని చుట్లు లెక్కపెట్టే పిల్లను ఆ రోజు నుంచి గడప తొక్కనివ్వలేదు. రైలును గోనెసంచిలో కట్టి అటక మీద పడేశాడు.

"గా రైలు దించు నాయినా," అంది ఉమ ఇప్పుడు.

దించితే తన మాటే నిలుస్తుందని లింగస్వామి స్టూలు తెచ్చాడు. ఉమ పట్టాలు తుడిచి గుండ్రంగా కలిపింది. ప్లగ్గు పెట్టి పిడి తిప్పితే ఇంజన్ కదిలింది, చుక్ చుక్ చప్పుడు కూడా వచ్చింది. పిడి తగ్గించగానే చప్పుడు ఆగిపోయింది. లోపలి బ్యాటరీ చచ్చిందని, కరెంటు తగ్గినప్పుడు చప్పుడును నిలబెట్టేది అదేనని చెప్పి, ఉమ సంచిలోంచి కొత్త చదరపు బ్యాటరీ తీసింది. కొనుక్కొనే వచ్చింది.

"నేను ముట్ట. నువ్వే ఇప్పు. మళ్ల నా మీదికి రావద్దు."

లింగస్వామి స్క్రూడ్రైవరు అందుకున్నాడు. నాలుగో స్క్రూకు మూత లేచింది. లోపల చూసి లింగస్వామి చెయ్యి ఆగిపోయింది. పాత బ్యాటరీ ఉబ్బి, పగిలి, కారిపోయి ఉంది. కానీ కారిందంతా దాని చుట్టూ ఉన్న కాగితమే తాగింది. పక్కన బోర్డు అద్దంలా ఉంది. ఆ కాగితం తన దుకాణానిదే. మోటరు లోపలి గాడుల్లో తీగ కింద పరిచే గట్టి కాగితం. మళ్లీ బ్యాటరీ కారినా బోర్డుకు అంటకూడదని, పన్నెండేండ్ల పిల్ల దాన్ని కొలిచి, మడిచి, దారంతో కట్టింది. ఒక్క తీగ కదిలి లేదు. ఒక్క గీత పడి లేదు.

ఆయన కొత్త బ్యాటరీ వేసి మూత బిగించాడు. పిడి తగ్గించినా ఇప్పుడు చప్పుడు నిలబడింది. కూత బటన్ నొక్కాడు. గంట మోగింది.

"చూసినవా," అన్నాడు.

ఉమ నల్ల డబ్బాను తనవైపు తిప్పుకుంది. వెనక ఉన్న రెండు మరలు చూపించి, పట్టాలకు పోయే ఈ తీగలు ఉల్టా బిగించి ఉన్నాయంది.

"ఏసీ కరెంటుకు తలా తోకా ఉంటదా? నా బతుకంత గదే పని. ఎటు పెట్టినా ఒకటే."

"బండి ఉరుకుడుకు ఒకటే. కూతకు కాదు. బటన్ ఒత్తినప్పుడు గీ డబ్బా కరెంటును జరంత ఒక దిక్కుకు తోస్తది. ఇంజన్ గా దిక్కు చూస్తది. ఇటు తోస్తే కూత, అటు తోస్తే గంట. ఇంజన్ ఖరాబైతే రెండూ రావు గద."

మరలు విప్పి, రెండు తీగలు అటుదిటు మార్చి బిగించింది. అంతే. బటన్ మీద వేలు పెట్టి, ఎందుకో తీసేసి, డబ్బాను తండ్రి వైపు జరిపింది.

లింగస్వామి నొక్కాడు. రైలు కూసింది. పదిహేడేండ్లు సంచిలో ఉన్న కూత ఇల్లంతా నిండింది. జొన్నపిండి చేతులతో ఈరమ్మ వంటింట్లోంచి ఉరికొచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. ఆయన వేలు తీయలేదు. రైలు కూస్తూనే తిరిగింది, కూస్తూనే తిరిగింది. ఆయన కండ్లలోంచి కారుతున్న నీళ్లు తుడుచుకోవాలంటే బటన్ వదలాలి.

ఆఖరికి వదిలాడు. మొలకు కట్టుకున్న దుకాణం తాళాలు విప్పి ఉమ ఒళ్లో పెట్టాడు. రంజిత్‌కు తానే చెప్పుకుంటానని భార్యతో అన్నాడు. ఉమ తాళాలు పిడికిట పట్టుకుంది, వద్దనలేదు.

మురిపెంగా పక్కన కూర్చొని చుట్లు లెక్కపెట్టిన పిల్లను ఆయన తేరిపార చూశాడు. నాగర్‌కర్నూల్‌లో ఎవరి గడప ముందో కూర్చొని ఆ చేతులు నేర్చుకున్నదంతా, తన పక్కన కూర్చొని నేర్చుకోవాల్సింది.

"తీగల సంగతని గా దినమే ఒక్క మాట చెప్తే అయిపోతుండె గద బిడ్డా," అన్నాడు.

"చెప్పిన నాయినా. మోటరు ఉల్టా తిరిగితే నువ్వు రెండు తీగలు మార్చుమంటుంటివి గద, గట్లనే మార్చి చూద్దమన్న. చెంప పట్టుకొని అన్న గద, నీకు ఇనపళ్లే."