తర్జుమాలో దాచిన పేరు

"తాతా, గీయన ముంగట నాకు నోరు లేస్తలేదు!"

మా మనవరాలు షారోన్ చేతిలోని ఇంగ్లిష్ ప్రశ్న కార్డు మంచం మీద పడేసింది. ఎదురుగా కుర్చీలో తిమోతి ఫోన్‌లో టైం చూస్తున్నాడు.

"నలభై సెకన్లకే ఆగిపోయినవ్. రెండు నిమిషాలు మాట్లాడాలె."

"మీరు గంతల్నే నావి ఎనిమిది తప్పులు రాసుకున్నరు. ఎట్ల మాట్లాడాలె సార్?"

షారోన్ కరీంనగర్‌లో నర్సు. ఐర్లాండ్ ఆసుపత్రిలో చేరాలంటే ఇంగ్లిష్ పరీక్ష పాసవ్వాలి. ఎల్లుండే పరీక్ష, హైదరాబాదులో. నెల రోజులు సెలవు పెట్టి మా ఊరు ఖానాపూర్ వచ్చింది, తిమోతి దగ్గర మాట్లాడటం నేర్చుకోవడానికి. దాని తల్లిదండ్రుల ఇల్లు పక్క వీధిలోనే అయినా పాఠం మా ఇంట్లోనే. అతను ఇక్కడ ఇంటర్ పిల్లలకు ఇంగ్లిష్ చెప్తాడు. మా చర్చికి బయటి పాస్టర్లు వస్తే వాళ్ల పక్కన నిలబడి తర్జుమా చేసేదీ అతనే. చర్చిలో పిల్లలంతా అతన్ని బ్రదర్ అంటారు. షారోన్ ఒక్కతే సార్ అంటుంది.

నాకు ఒకటే ఆత్రం. ఈ పిల్ల పొద్దంతా ఇంగ్లిష్‌లో ఏం మాట్లాడుతోంది? చదువు లేనివాణ్ని, నాకెవరు చెప్తారు?

"ఓ పిలగా, తప్పులు రాసుడు బంజెయ్. చర్చిల నిలవడ్డట్టు దాని పక్కన నిలవడు. అది ఒక మాట అంటది, నువ్వు తెలుగుల చెప్పు. దానికి ఊపిరి దొరుకుతది, నాకు సంగతి దొరుకుతది."

ఇద్దరూ నవ్వారు. అయినా లేచి నిలబడ్డారు. రేకుల మీద చినుకులు మొదలయ్యాయి.

మొదటి కార్డు ఇష్టమైన తిండి గురించి. షారోన్ నా వైపు చూసి మాట్లాడింది. తిమోతి అందుకున్నాడు.

"'మా తాత మక్కజొన్న గట్కల పచ్చిపులుసు పోసుకుంటడు. నాకు పెట్టడు.'"

"అబద్ధం! మొన్ననే పెట్టిన!"

షారోన్ నవ్వుకుంటూనే చెప్పుకుపోయింది. రెండు నిమిషాలు ఎప్పుడు దాటాయో ఎవరూ చూసుకోలేదు.

రెండో కార్డు తిమోతి తెలుగులో చదివాడు. "రోజూ కలవాలనిపించే మనిషి."

షారోన్ వానను చూసింది. తర్వాత తిమోతిని చూసింది. నెమ్మదిగా మొదలుపెట్టింది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"'ఆమె మా హాస్పిటల్ల పెద్ద సిస్టర్. చాన మంచిది.'"

షారోన్ చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంది. మళ్లీ ఏదో అంది.

"'ఆమె దగ్గర నేను ఓపిక నేర్చుకున్న.'"

"ఆగుండ్రి," అన్నాను. "తిమోతీ, దాని నోట్ల నీ పేరు నాలుగుసార్లు ఇన్న. నీ తెలుగుల ఒక్కసారి రాలే. నాకు ఇంగ్లిష్ రాదు గని చెవులున్నయి."

వాన పెద్దదైంది.

"సార్, తర్జుమా సక్కగ చెయ్యిండ్రి," అంది షారోన్.

తర్జుమా చేసేవాడు మాట్లాడినవాళ్ల బదులు 'నేను' అనాలి. తిమోతి తల వంచుకుని అన్నాడు.

"'నేను... తిమోతిని రోజు చూడాలె. ఎనిమిది తప్పులు రాసినా సరే. ఆయన నన్ను ఒక మాట అడుగుతడని నెల సంది చూస్తున్న. అడగకుంటనే నన్ను ఐర్లాండ్ పంపుతుండు.'"

షారోన్ అతన్ని బ్రదర్ అని ఎందుకు పిలవలేదో నాకు అప్పుడు తెలిసింది.

"ఎందుకు అడగలేదురా?"

"అడిగితే పరీక్ష ఇడిచిపెడ్తదేమోనని భయమైంది తాతా. మస్తు కష్టపడ్డది."

"పరీక్ష ఇడువ," అంది షారోన్. "రెండేండ్లు పోయొస్త. ఆగుతరా?"

"ఆగుత."

"గంతేనా సార్? రెండు నిమిషాలు మాట్లాడాలె!"

తిమోతి నవ్వి ఫోన్‌లో టైం ఆపేశాడు.

"మరి ఎల్లుండి గదే కార్డొస్తే ఎట్లనే?" అన్నాను. "పరీక్షల పక్కన నిలవడేటోడు ఉండడు."

"గేటు బయట ఉంట తాతా," అన్నాడు తిమోతి.

నేను లేచి గొడుగు అందుకున్నాను.

"వానల ఏడికి తాతా?" అంది షారోన్.

"మీ అవ్వ, బాపు దగ్గరికి. గీసారి తర్జుమా నేను చేస్త. ఒక్క పేరు గూడ దాయ."