కుడి అంచు

నేనెప్పుడూ ఏమీ రాయలేదు. ఆరో తరగతితో బడి మాన్పించారు. ఆ తర్వాత నేను రాసిందల్లా ఊరగాయ జాడీల మీద తేదీలే. మా ఆడవాళ్ళ సంఘం చిన్న పుస్తకం వేస్తోంది, తలా ఒక కథ ఇవ్వమన్నారు. నలుగురిలో లేచి చెప్పడం కంటే రాయడమే నయమనిపించింది. తప్పులుంటే నవ్వుకోండి... నాకు వినబడకుండా.

మా కుబోనో లోయలో పొద్దుగూకాక ఎవరూ తొక్కని చోటు ఒకటుంది. దేవదారు చెట్ల వెనక, ఉమే మామ్మ ఇల్లు.

బతికున్నప్పుడు లోయలో ప్రతి పెళ్ళికూతురికీ కిమోనో కట్టింది ఆవిడే. నాకూ కట్టింది. నడుం పట్టీ ఊపిరాడకుండా బిగించి, వీపు మీద రెండు దెబ్బలు చరిచి, "ఇక ఊడదు. పో!" అనేది. అందరికీ అదే మాట. ఆ రెండు దెబ్బలూ పడితేగానీ మాకు పెళ్ళయినట్టు కాదు.

ఆవిడకి పిల్లల్లేరు. పోయాక ఇల్లు అలాగే ఉండిపోయింది. ఆ తర్వాతే మొదలైంది... బావి గిలక దానంతటదే తిరిగిందని ఒకరు, తలుపు సందులోంచి దీపం కనబడిందని ఒకరు. నేను చూళ్ళేదు. చూడకుండానే నమ్మేదాన్ని.

అలాంటి ఇంట్లో — పైకప్పు బాగుందని — విదేశీ టీచరమ్మని దింపారు టౌను ఆఫీసు వాళ్ళు!

పేరు మోరగ్. స్కాట్లాండ్ నుంచి వచ్చిందట. మా తలుపుల కంటే మనిషే పొడుగు. మొదటి వారంలో ఊళ్ళో గుమ్మాలన్నీ ఆవిడ నుదుటిని పలకరించాయి. మా ఇంట్లో మరుగుదొడ్డిలో మాత్రమే వేసుకునే చెప్పులతో వచ్చి చాప మీద కూర్చుంది. మా అత్తయ్య కికునో ఆ చెప్పుల్నే చూస్తూ టీ అంతా ఒలకబోసింది.

పైగా ఆవిడ మా భాష నేర్చుకున్నది ఏదో పాత పుస్తకంలో. కూరల కొట్టు ముసలాయన్ని "ఓ వర్తకోత్తమా, ఈ ముల్లంగి మూల్యమెంత?" అని అడిగితే, ఆయన లేచి నిలబడి నడుం వంచి నమస్కారం పెట్టాడు.

నవ్వుకున్నాం గానీ... నాకొక కూతురుంది, చియో. నా పోలికే. బళ్ళో నోరు విప్పేది కాదు. టీచరమ్మ వచ్చాక ఆ పిల్ల స్నానపు తొట్టిలో కూర్చుని ఇంగ్లీషు పాటలు పాడేది. గోడవతల నిలబడి వినేదాన్ని. ఆ గొంతు మా ఇంట్లో ఉందని నాకే తెలీదు.

ఇలా ఉండగా, టోఫూ అమ్మే సెయికిచి ఒక సాయంత్రం మా ఇంట్లోకొచ్చి పడ్డాడు. చేతిలో బకెట్టు లేదు. మొహంలో రంగు లేదు.

"వదినా... ఉమే మామ్మ..." అన్నాడు.

"ఉమే మామ్మేంట్రా? పోయింది కదా!" అంది అత్తయ్య.

"టీచరమ్మకి టోఫూ ఇద్దామని వెళ్ళా. బావి దగ్గర నిలబడుంది... తెల్ల బట్ట... జుట్టు విరబోసుకుని..." గొంతు తగ్గించాడు. "కుడి అంచు పైకి ఉంది, పెద్దమ్మా."

అత్తయ్య తరుగుతున్న కూర పక్కన పెట్టేసింది.

మాకు కిమోనో అయినా, స్నానమయ్యాక చుట్టుకునే నూలు బట్ట అయినా, ఎడమ అంచే పైకి రావాలి. కుడి అంచు పైకి వేసి కట్టేది ఒక్కరికే — పోయాక పెట్టెలో పడుకోబెట్టే వాళ్ళకి.

"ఉమే పొట్టిది కదరా!" అంది అత్తయ్య.

"చచ్చాక సాగుతారేమో! నాకేం తెలుసు!"

మర్నాడు సాయంత్రం ఊరిపెద్ద పెళ్ళాం టీచరమ్మకి వంకాయలు పట్టుకెళ్ళి, బుట్ట వదిలేసి పరిగెత్తుకొచ్చింది. ఇంకొకరు గుడ్లు పట్టుకెళ్ళారు. ఆ గుడ్ల సంగతి చెప్పనక్కర్లేదు. ఊరంతా గుసగుసలు. అందరిదీ ఒకటే మాట: "టీచరమ్మకి చెప్పకండి. ఆ ఇంట్లో ఎవరితో ఉంటోందో తెలిస్తే పారిపోతుంది!"

ఎవరూ చెప్పలేదు. అయినా ఒకరోజు చియో బడి నుంచి ఏడుస్తూ వచ్చింది.

"టీచర్ రేపు పొద్దున బస్సుకి వెళ్ళిపోతోందమ్మా. ఈ ఊళ్ళో తనెవరికీ నచ్చలేదట."

అన్నం ముట్టలేదు. స్నానంలో పాట లేదు. నీళ్ళ చప్పుడొక్కటే.

అత్తయ్య ఉడికించిన చేమదుంపలు మూతగిన్నెలో పెట్టి నా చేతికిచ్చింది.

"వెళ్ళి ఉండమని చెప్పు."

"నేనా అత్తయ్యా? చీకటి పడింది... పైగా నాకు మాట్లాడ్డం..."

"నిన్ను చూస్తే దెయ్యానికే సిగ్గేస్తుంది. పోవే హత్సుయో! ఆ గిన్నె మా అమ్మ ఇచ్చింది, జాగ్రత్త."

వెళ్ళాను. దేవదారుల కింద నా అడుగులు నాకే వినబడలేదు. గాలి లేదు. ఆకు కదల్లేదు. ముందు నుంచి మాత్రం... కిర్రు... కిర్రు... గిలక.

చెట్టు పక్కనుంచి చూశాను.

తెల్ల బట్ట. మొహం మీద తడి జుట్టు. వెన్నెల్లో గుండెల మీద — కుడి అంచు పైన.

నా కాళ్ళు వెనక్కి తిరిగాయి. చేతుల్లో గిన్నె ఉంది. గిన్నె పారేస్తే ఇంటికెళ్ళే మొహం ఉండదు. ముందు దెయ్యం... వెనక అత్తయ్య.

ఆ ఒక్క క్షణం ఆలస్యమైంది. అది నావైపు తిరిగింది. చెయ్యి చాపింది. మెల్లగా అంది —

"ఓ సాధ్వీ... దయయుంచి... పరుగిడకుము."

ఏ దెయ్యమూ అలా మాట్లాడదు.

"టీచరమ్మా?"

జుట్టు వెనక్కి తోసుకుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నిత్యమూ ఎవరో ఒకరు వచ్చుచున్నారు. నన్ను చూచి కేకలు వేయుచున్నారు. నేనంత అసహ్యముగా ఉంటినా?"

నేను పరాయి మనిషిని ఎప్పుడూ ముట్టుకోలేదు. ఆ రాత్రి గిన్నె బావి గట్టు మీద పెట్టి, ఆవిడ నడుం పట్టీ విప్పి, ఎడమ అంచు పైకి వేసి మళ్ళీ కట్టాను. ఎందుకో చెప్పడానికి మాట రాలేదు. కళ్ళు మూసుకుని, గుండెల మీద చేతులు పెట్టుకుని, బిగుసుకుపోయి చూపించాను.

ఆవిడ నన్ను చూసింది. తన బట్ట చూసుకుంది.

"అనగా... నేను... శవమునా?"

"రోజూ సాయంత్రం," అన్నాను.

బావి గట్టు మీద కూలబడి నవ్వింది చూడండి, కింద ఊళ్ళో కుక్కలన్నీ మొరిగాయి. నేనూ నవ్వాను. నా నవ్వు అంత పెద్దదని నాకు తెలీదు.

"అయినచో వారికి నాపై ద్వేషము లేదా?"

"ద్వేషమా? వంకాయలు తెచ్చారు కదండీ! మా చియో అన్నం మానేసింది. ఉండండి టీచరమ్మా."

కళ్ళు తుడుచుకుని తలూపింది. చేమదుంప ఒకటి చేత్తోనే తీసుకుని తింది.

"ఇంతకీ ఇలా కట్టుకోవడం ఎవరు నేర్పారు మీకు? ఆ పుస్తకమేనా?"

"కాదు. తొలి సాయంకాలమున ఒక వృద్ధురాలు వచ్చినది. పొట్టిది. బలమైన చేతులు. అలమారలో ఈ వస్త్రము ఎక్కడున్నదో ఆమెకు తెలియును. తానే తీసి, తానే కట్టినది. పిదప నన్ను వెనుకకు తిప్పి..."

ఆవిడ లేచి నన్ను వెనక్కి తిప్పింది. వీపు మీద రెండు దెబ్బలు చరిచింది.

"ఇక ఊడదు. పో!"

ఆ మాట ఏ పుస్తకంలోనూ లేదు. అచ్చం మా లోయ యాస.

గిలక తాడు ఊగుతోంది... మేమిద్దరం ముట్టుకోలేదు.

"ఆమె గృహమెచ్చట? కృతజ్ఞత తెలుపవలెను."

"దగ్గరే," అన్నాను. "ఆ కొండ మీద ఉంటుంది. పెద్దావిడ... చూపు ఆనదు. నేను చెప్తాలెండి."

మూడేళ్ళు ఆ ఇంట్లోనే ఉంది టీచరమ్మ. పోయిన నెలే వాళ్ళ దేశం వెళ్ళింది, అందుకే ఇప్పుడు రాస్తున్నాను. ఆ బట్ట కట్టిందెవరో ఆ మూడేళ్ళూ అత్తయ్యకి కూడా చెప్పలేదు.

ఆ రాత్రి గడిచి తెల్లారగానే ఇంట్లో మిగిలిన చేమదుంపలు పట్టుకుని కొండెక్కాను. ఉమే మామ్మ సమాధి రాయి మీద నీళ్ళు పోశాను. కింద రోడ్డు మీద బస్సు ఆగకుండా వెళ్ళిపోయింది. మా ఇంటి వైపు నుంచి సన్నగా పాట వినబడింది.

"మామ్మా," అన్నాను, పైకే. "దూరం నుంచి వచ్చిన పిల్లని బాగానే చూసుకున్నావు. కానీ అటు వెళ్ళాక నీకు కుడీ ఎడమా తారుమారయ్యాయి. ఇకనుంచి నేను కడతాలే."

రాయి వెనక్కి వెళ్ళి రెండు దెబ్బలు చరిచాను.

"ఇక ఊడదు. పో."