ఐదొందల్లో ఒకటి

మధ్యాహ్నం షిఫ్టు దిగిపోయింది. కోల్డ్ స్టోరేజీ వరండాలో పదకొండు కొక్కేలకు పదకొండు ఇత్తడి బిళ్ళలు వేలాడుతున్నాయి. లోపలికెళ్ళేవాళ్ళు తమ బిళ్ళ తీసుకెళ్ళాలి, బయటికొచ్చాక తగిలించాలి. అన్నీ ఉన్నాయంటే లోపల ఎవరూ లేనట్టే.

అయినా గంట మోగింది.

“నీ చుట్టం పిలుస్తున్నాడు లెక్కలమ్మా,” అని సూపర్‌వైజరుతో అంటూ మెకానిక్, మోతలు లెక్కపెట్టే గోడ పలక మీద చాక్‌పీసుతో గీత గీశాడు.

లోపల చిక్కుకున్నవాళ్ళు నొక్కే గంట అది. మీటకు మంచు పట్టినా మోగుతుంది. సూపర్‌వైజరుగా చేరిన కొత్తలో ఆమె మోతలన్నీ లెక్కేసింది. మంచు మోతలు ఏడాదికి ఐదొందలు. మనిషి మోత ఒకటుంటే గొప్ప. అంటే గంట మోగినప్పుడు లోపల మనిషి ఉండే అవకాశం ఐదొందల్లో ఒకటి. ‘ముందు బిళ్ళలు చూడండి, తగ్గితేనే తలుపు తెరవండి’ అని కాగితం అంటించింది. అందరూ భేష్ అన్నారు.

పోయిన నెల ముసలి మేస్త్రి బిళ్ళ తగిలించేసి, మరిచిపోయిన కళ్ళజోడు కోసం మళ్ళీ లోపలికెళ్ళాడు. గంట మోగింది. బిళ్ళలు సరిపోయాయి. తలుపు తెరిచింది మర్నాడే.

ఆమె ఏడవలేదు. లెక్క మళ్ళీ వేసింది. తప్పు లేదు. ఆనాటి నుంచీ ఒళ్ళంతా తిమ్మిరెక్కినట్టు తిరుగుతోంది. పదిహేను రోజులు ప్రతి మోతకీ తలుపు తెరిచారు. తరువాత, అరచేతికి కాయ కాసినట్టు, అందరి చెవులకీ కాసింది.

“తెరుద్దామా బాబాయ్?”

“ఐదొందల్లో ఒకటన్నావుగా. ఆ ఒకటీ అయిపోయిందిగా తల్లీ!”

“అలా అయిపోదు. గంటకి గుర్తుండదు.”

మెకానిక్ నవ్వి మిషను గదిలోకి వెళ్ళాడు.

గంట మోగింది. ఆగింది. మోగింది. ఆగింది. మోగింది.

మూడు. సమంగా.

మంచు మోత గజిబిజిగా ఉంటుంది. ఇలా ఎడం పాటించి మూడుసార్లు మోగింది ఆమె పుస్తకంలో ఒక్కరోజే... మేస్త్రి రోజు. ఇక ఐదొందల లెక్క చెల్లదు. లోపల ఎవరో ఉన్నారు.

తలుపు కింద చెక్కముక్క దోపి లోపలికి నడిచింది. ఒక్క నిమిషం పనేగా అని బిళ్ళ తీయలేదు.

పేర్చిన పెట్టెలు. తడి అట్టల వాసన. ఎవరూ లేరు. గంట మీట చుట్టూ మాత్రం మంచు కరిగి ఉంది... అరచేయంత మేర.

వెనక తలుపు పడింది.

చెక్కముక్క ఆమె కాళ్ళ దగ్గరుంది.

తలుపు పిడి లాగింది. మేస్త్రి పోయాక, లోపల్నుంచి తెరవడానికని కొత్తగా వేయించిన పిడి అది. అవతల ఎవరో పట్టుకున్నట్టు కదల్లేదు. అరిచింది. జానెడు మందం తలుపు. గంట మీట నొక్కి, తలుపుకున్న చిన్న అద్దం మీది మంచు గోటితో గీకి చూసింది. మెకానిక్ వచ్చాడు. బిళ్ళలు చూశాడు. ఆమెదీ కలిపి పదకొండు. పలక మీద గీత గీశాడు.

నొక్కింది. రెండో గీత.

నొక్కింది. మూడో గీత.

“బాబాయ్...”

వేళ్ళు మొద్దుబారాయి. చేతులు రెండూ చంకల్లో దోపుకుని, మీటకి దూరంగా నిలబడింది. భయం కూడా వేయడం లేదు.

బయట గంట మోగింది. మెకానిక్ తలెత్తి గంట వైపు చూశాడు. విసుక్కుంటూ నాలుగో గీత గీశాడు.