ఇల్లరికం గ్రాఫిక్స్

మంగళవారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు గేములో వాన ఆగిపోయింది. నలభై వేల చినుకులు ఎక్కడివక్కడ గాలిలో నిలబడిపోయాయి. పదకొండింటికి ఆ గేము రాస్తున్న ప్రోగ్రామర్ తన కంప్యూటర్ కేబినెట్‌ను రెండు చేతులా ఎత్తుకుని కంప్యూటర్ షాపు మెట్లెక్కాడు. ముందురోజు దానికి పాత గ్రాఫిక్స్ కార్డు తీసి కొత్తది బిగించింది అక్కడే.

కౌంటర్‌లో యజమాని కూతురు ఉంది. షాపులో బిగింపు పనులన్నీ ఆమెవే. ఆమె జాబ్ కార్డు తీసుకుంది.

“సమస్య చెప్పండి.”

“వాన పడటం లేదండి.”

“అది వాతావరణ శాఖకు చెప్పుకోవాలి.”

“గేములో అండీ. నిన్నటిదాకా కుండపోత. మీ చెయ్యి పడ్డాక చుక్క లేదు.”

“అంటే నాది కరువు చెయ్యి అంటారు.”

“నేనలా అన్నానా?”

“రాసుకుంటున్నాను. ‘వాన లేదు. కస్టమర్‌కు కోపం ఉంది.’”

అతను ముందురోజు జాబ్ కార్డు జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. చివరి గడిలో ఆమె చేతిరాతే ఉంది. ‘ఇల్లరికం: తీసేశాం.’

“ఇదేంటండీ? కంప్యూటర్ ఇచ్చి వెళ్తే నా పెళ్లి విషయాలు రాశారు!”

వెనక బల్ల దగ్గర సోల్డరింగ్ చేస్తున్న ఆమె తండ్రి పని ఆపి నవ్వారు.

అది షాపు భాష. ప్రాసెసర్‌లో పుట్టుకతోనే ఉండే చిన్న గ్రాఫిక్స్‌ను అక్కడ ఇల్లరికం అల్లుడు అంటారు, ఇంట్లోనే ఉంటాడు కనుక. విడిగా కొని బిగించే కార్డు పెద్దల్లుడు. పెద్దల్లుడు వచ్చిన రోజే సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఇల్లరికాన్ని ఆపేయడం అక్కడి అలవాటు.

“ఒక పనికి ఇద్దరెందుకు బాబూ?” అన్నారు తండ్రి. “ఊరికే కూర్చునేవాడికి కరెంటు దండగ.”

“ఊరికే కూర్చోలేదండీ. నా వానంతా వాడే!”

అతను వివరం చెప్పాడు. బొమ్మ గీయడం పెద్దల్లుడి పని. ఏ చినుకు ఎటు పడాలి, గొడుగుకు తగిలి ఎటు చిందాలి అనే లెక్క ఫిజిక్స్. ఆ లెక్కను అతను ఖాళీగా ఉన్న చిన్నవాడికి అప్పజెప్పాడు. అది ఎనిమిది నెలల పని. గురువారం నాలుగింటికి బాస్ చూస్తారు. సెకనుకు అరవై బొమ్మలు కదలకపోతే ఈ ఆలోచన అటకెక్కుతుంది. అతను మళ్లీ మెనూ బటన్లు చేసుకోవాలి.

ఆమె ఎగతాళి ఆపింది. సెట్టింగ్స్ తెరిచి ఇల్లరికాన్ని వెనక్కి పిలిచింది. నాలుగు నిమిషాలకు తెర మీద వాన మొదలైంది. గేములోని అమ్మాయి గొడుగు విప్పి ఎడమవైపుకు వంచింది.

“గొడుగు అటెందుకు వంచుతుంది?”

“పక్కవాడి కోసమండీ. వాడిని ఇంకా చేయలేదు.”

“ఎనిమిది నెలల్లో ఒక్క మనిషిని చేయలేకపోయారా?”

“వాన సులువండీ.”

ఆమె పుస్తకంలోంచి జాబ్ కార్డు చింపి ఇచ్చింది. అతను అది తీసుకుని మరో పది నిమిషాలు నిలబడ్డాడు.

బుధవారం మధ్యాహ్నం కేబినెట్ మళ్లీ వచ్చింది. సమస్య గడిలో ‘ఫ్యాను శబ్దం’ అని అతనే రాశాడు. ఆమె చెవి ఆనించి రెండు నిమిషాలు విన్నది. కారణం గడిలో ‘శబ్దం లేదు. కస్టమర్ ఉన్నాడు’ అని రాసింది.

గురువారం మూడు గంటల నలభై నిమిషాలకు షాపు ఫోన్ మోగింది.

“వాన నత్తనడక నడుస్తోందండీ. సెకనుకు పంతొమ్మిది. ఇంకో ఇరవై నిమిషాల్లో బాస్ వస్తారు.”

“కంప్యూటర్‌ను ఎక్కడికైనా జరిపారా?”

“మీటింగ్ గదిలోకి తెచ్చాను.”

“తెర కేబుల్ ఎవరు పెట్టారు?”

“నేనే.”

“వెనకాల పైనున్న దాంట్లోనా, కిందున్న దాంట్లోనా?”

అటువైపు బల్ల జరిపిన చప్పుడు వినిపించింది.

“పైన.”

“పైనున్నది ఇల్లరికానిది. వాన లెక్క చూసేవాడి నెత్తిన బొమ్మ కూడా పెట్టారు. కింద పెద్దల్లుడు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. కేబుల్ పీకి కింద పెట్టండి.”

“పెట్టాను.”

“ఎంత?”

“అరవై రెండు.” తర్వాత మెల్లగా, “ఈ సంగతి ఎవరికీ చెప్పకండి,” అన్నాడు.

“ఎనిమిది నెలలు ఆలోచించి, కేబుల్ ఎక్కడ పెట్టాలో తెలియనివాడని చెప్పనులెండి. నాన్నకు మాత్రం చెప్తాను. పక్కనే ఉన్నారు.”

నాలుగూ పావుకు బాస్ వాన చూశారు. గొడుగు వంగడం, దానికి తగిలి చినుకులు చిందడం చూశారు. “కానివ్వండి” అన్నారు.

ఆరింటికి అతను షాపుకు వచ్చాడు. చేతులు ఖాళీగా ఉన్నాయి.

“కేబినెట్ ఏది?”

“బాగానే ఉందండీ. ఒక కార్డు ఇస్తారా?”

ఇచ్చింది. అతను సమస్య గడిలో ‘షాపుకు రావడానికి సాకులు అయిపోయాయి. సాకు లేకుండా రావచ్చా?’ అని రాసి ఆమె వైపు తిప్పాడు. ఆమె చదివింది. పెన్ను తీసుకుని కారణం గడి నింపింది. అతనికి చూపించలేదు. పూర్తయిన కార్డు మీద తండ్రి సంతకం ఉండాలన్నది షాపు నియమం. ఆమె వెనక బల్ల దగ్గరికి తీసుకెళ్లి ఆయనకిచ్చి, మళ్లీ కౌంటర్ దగ్గరికి వచ్చింది.

ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

“ఇంట్లో చెప్పావా బాబూ?”

“ఇందాకే అమ్మకు ఫోన్ చేశానండీ.”

“ఏమంది?”

“‘కేబుల్ సంగతి చెప్పిన అమ్మాయేనా?’ అంది. ‘అయితే వాళ్లు వద్దనేలోపు వెళ్లు’ అంది.”

“నువ్వేమంటావమ్మా?”

“రాశాను కద నాన్నా.”

ఆయన కారణం గడిని పైకి చదివారు. “‘శబ్దం ఉంది. ఈసారి నాకూ వినిపించింది.’”

కౌంటర్ దగ్గర ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. ఆమె స్టేప్లర్‌లో పిన్నులు నింపింది. అందులో పిన్నులు అప్పటికే ఉన్నాయి.

తండ్రి గోడ గడియారం చూసి కార్డు మీద సమయం వేశారు. ఆరు గంటల పన్నెండు నిమిషాలు. చివరి గడిలో ‘ఇల్లరికం: ఉంచాలి’ అని రాసి సంతకం పెట్టారు.