దాచిన పేకముక్క

పొయ్యి మీద మొక్కజొన్న జావ కుతకుతలాడుతోంది. చిలేషే వంటింటి బల్ల మీద ఒక పేకముక్క తెరిచి, ఇంకోటి బోర్లించి, కూతురు కలూబ వైపు చూసింది.

“రెండూ గుణిస్తే నలభై రెండు. ఇదిగో, ఒకటి ఆరు. మరి దాచిందేది?”

“ఏడు” అంది కలూబ, తడుముకోకుండా.

మొన్నమొన్నటిదాకా భాగహారమంటే చాలు ఆ పిల్లకు కడుపునొప్పి వచ్చేది. చిలేషే కేకలేసింది, ఎక్కాలు వల్లె వేయించింది, ఒకసారి చెయ్యి కూడా చేసుకుంది. ఏదీ పనిచేయలేదు. చివరికి పక్కింటి టీచరమ్మ ఈ ఆట నేర్పింది. నెల తిరగకముందే కలూబ బడికి హుషారుగా వెళ్ళసాగింది.

ముందురోజే గనుల ఊరు ముఫులిరా నుంచి వచ్చిన అత్తగారు ముసొండ గుమ్మంలో నిలబడి అంతా చూసింది. వచ్చి, ముక్కలన్నీ పోగుచేసి బొగ్గుల కుంపట్లో పడేసింది.

ఆ సాయంత్రం కలూబ మళ్ళీ కడుపు పట్టుకుని బడి నుంచి ఇంటికొచ్చింది. చిలేషే ఇక ఊరుకోలేకపోయింది. పెరట్లో గుమ్మడాకు ఈనెలు తీస్తున్న అత్తగారి ఎదుటికి వెళ్ళింది.

“ముక్కలు కాల్చారు, సరే అత్తయ్యా. వాటితో పాటు పిల్ల ధైర్యం కూడా కాలిపోయింది. పేకాట మీ చర్చిలో పాపమైతే నాతో ఒక మాట చెప్పచ్చుగా?”

“చర్చి మాట కాదులే” అంది ముసొండ. ఇంకో ఆకు ఈనె తీసి, నెమ్మదిగా మొదలుపెట్టింది.

చిలేషే భర్త కంటే ముందు ముసొండకు ఇంకో కొడుకు పుట్టాడు. గని కాలనీలో ఉన్న రోజులవి. బిడ్డ ఒళ్ళు జ్వరంతో కాలిపోతుంటే, పేకాటలో ఉన్న తన భర్తకు కబురు పంపింది. ఈ ఆట కానిచ్చి వస్తానన్నాడు. మళ్ళీ పంపితే మళ్ళీ అదే మాట. ఆయన వచ్చేసరికి వాకిట్లో ఆడవాళ్ళు శోకాలు పెడుతున్నారు.

“ఆ తర్వాత ఆయన చచ్చేదాకా ముక్క ముట్టుకోలేదు. నేను మాత్రం ఆయన్ని క్షమించలేదమ్మాయ్. నీ మొగుడికి కూడా ఈ సంగతి తెలీదు.”

చిలేషే పక్కనే కూలబడి, తానూ ఓ గుప్పెడు ఆకు తీసుకుంది. ఇక ఆ ముక్కలు ఇంట్లోకి తేనని చెప్పింది.

తర్వాతి రోజుల్లో కలూబ నోరు విప్పడం తగ్గించింది. బడి వేళకు మంచం దిగేది కాదు. ముసొండ అది గమనిస్తూనే ఉంది. శనివారం బజారుకు వెళ్ళి ఎండుచేపలతో పాటు కొత్త పేక కట్ట ఒకటి కొనుక్కొచ్చి మనవరాలి చేతిలో పెట్టింది.

“రాజుల్నీ రాణుల్నీ నువ్వే తీసెయ్. ఆ మొహాలు నేను చూడలేను. మిగతా ఆట నాకు నేర్పు.”

ఇద్దరూ వసారాలో చాప పరుచుకున్నారు. కలూబ ఓపిగ్గా నేర్పింది. కాసేపటికి ముసలామె తనే ముక్కలు బోర్లించింది.

“యాభై ఆరు. ఇది ఎనిమిది. దాచిందేదో చెప్పు, చూద్దాం.”

కలూబ నోరు తెరిచేలోగా లోపల చంటివాడు మ్వాపే నిద్రలేచి ఏడుపందుకున్నాడు. చిలేషే చేతులు సబ్బునురగలో ఉన్నాయి. ఆమె లేచేలోపే కలూబ ముక్కలు చాప మీద వదిలేసింది.

“ఆట తర్వాత, నానమ్మా. తమ్ముడు ఏడుస్తున్నాడు” అంటూ లోపలికి పరుగెత్తింది.

ముసొండ కలూబ వదిలేసిన ముక్కల వంక చూసింది. తర్వాత కట్ట తెగి నీళ్ళు ఒక్కసారిగా పొంగినట్టు ఏడ్చింది. చిలేషే చేతులు తుడుచుకుని వచ్చి ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసింది. ఊరుకోమని అనలేదు.

“పోయిన ఆ బాబు పేరేంటత్తయ్యా?”

ఈ ప్రశ్న ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు.

“కటొంగో” అంది ముసొండ. పేరు పలికాక కొంగుతో ముఖం తుడుచుకుంది. “కటొంగో. చాలా నవ్వేవాడు.”