ఆపరేషన్ ఆంబోతు

ఖాజాగూడ రాళ్ళ మధ్య ఏజెంట్ అవినాష్ వెల్లకిలా పడి ఉన్నాడు. బుల్లెట్ గాయం లేదు. కత్తిపోటు లేదు. ఛాతీ మాత్రం లోపలికి కుంగిపోయింది. పొద్దున్నే బండలెక్కడానికి వచ్చినవాళ్ళు చూసి, కాలు జారి పడ్డాడనుకున్నారు.

"జారిపడలేదమ్మా," అన్నాడు చీఫ్ పట్టాభిరామయ్య, శవం ఫొటో టేబుల్ మీద పెడుతూ. "ఎవడో పరుగెత్తుకొచ్చి భుజంతో గుద్దాడు. ఒకే ఒక్క గుద్దు. వాడి అసలు పేరు తెలీదు. మనం ఆంబోతు అంటున్నాం."

సంయుక్త ఆ ఫొటో వైపు రెండోసారి చూడలేదు. అవినాష్ ఆమె పార్టనర్. నిన్న సాయంత్రం పక్కన కూర్చుని చాయ్ తాగిన మనిషి.

"మిషన్ ఏంటి సార్?"

"ఒక విదేశీ ముఠా మన పవర్ గ్రిడ్‌లోకి వైరస్ పంపబోతోంది. ఇవాళ మధ్యాహ్నమే. ఆపరేషన్ థియేటర్లు, రైళ్ళు, ఎయిర్‌పోర్టు... అన్నీ చీకటే. రాయదుర్గంలో కొత్త టవర్, ఇంకా ఎవరూ దిగని పై అంతస్తు. అక్కడే ట్రాన్స్‌మిటర్. ముఠాలో ఉన్న మన మనిషి లావణ్య నిన్ను పైకి తీసుకెళ్తుంది. మెటల్ డిటెక్టర్లున్నాయి, గన్ కుదరదు." ఒక వాచీ అందించాడు. "ఇది సిగ్నల్‌ని ఆపేసే జామర్. ట్రాన్స్‌మిటర్‌కి ఆనించి నొక్కు. చాలు."

ఫైర్ సేఫ్టీ ఇన్‌స్పెక్టర్ వేషంలో, నీలం కోటు వేసుకుని సంయుక్త టవర్ లాబీలో అడుగుపెట్టింది. ఎదురుగా ఒకామె. ఎర్ర సిల్కు చీర, నల్ల కళ్ళద్దాలు, లాబీ అంతా పరుచుకున్న సెంటు వాసన. అక్కడున్న మగవాళ్ళంతా ఆమెనే చూస్తున్నారు. లావణ్య!

"పైన ఎండ ఎలా ఉంది?" సంయుక్త కోడ్ వాక్యం చెప్పింది.

"గొడుగు మర్చిపోయాను," లావణ్య నవ్వింది.

లిఫ్ట్ పైకి దూసుకుపోయింది. పై అంతస్తులో ఇంకా లోపలి గోడలు లేవు. సిమెంటు స్తంభాలు, వేలాడే వైర్లు, చుట్టూ అద్దాలు. మూలన ఒక లాప్‌టాప్, దానికి తగిలించిన యాంటెన్నా. అదే ట్రాన్స్‌మిటర్. స్క్రీన్ మీద, వైరస్ ఎంతవరకు వెళ్ళిందో చూపే పచ్చగీత మెల్లగా పాకుతోంది.

వెనక తలుపు లాక్ పడింది.

"సారీ సంయుక్తా," అంది లావణ్య. "అవినాష్ కూడా నన్ను ఇలాగే నమ్మాడు. రాజేందర్!"

స్తంభం చాటునుంచి బయటికొచ్చిన మనిషి ఆ స్తంభమంత ఉన్నాడు. సంయుక్తను ఎగాదిగా చూశాడు.

"ఏంది? గీ పోరి కోసమా నన్ను పిలిచింది?"

తల వంచాడు. దూకాడు.

సంయుక్త వెనక్కి అడుగేసింది. అదే పొరపాటు. వాడి భుజం తగలగానే గాల్లోకి లేచి నేలమీద పడింది. పక్కటెముక విరిగిన చప్పుడు ఆమెకే వినిపించింది. వాచీ ముక్కలైంది. నోటినిండా నెత్తురు.

"ఇగ లేవకు. లేస్తే నీ దోస్తు లెక్కనే పోతవ్."

లేచింది. బోరబండలో తనకి ఫైటింగ్ నేర్పిన మొగిలి మాస్టర్ ఈ పాఠం కోసమే తనని ఎన్నోసార్లు కింద పడేశాడు. "ఉరికొచ్చేటోని ముంగట ఎనకకు జరిగితే వాని జోరు పెరుగుతది బిడ్డా. పక్కకు జరుగు. గని ముందుగాల్నే జరగకు. వాని ఊపిరి నీ మొఖానికి తగలాలె."

సంయుక్త వెళ్ళి స్తంభానికి వీపు ఆనించి నిలబడింది.

రాజేందర్ మళ్ళీ దూకాడు. నేల అదిరింది. కాళ్ళు పారిపొమ్మంటున్నాయి. ఆమె కదల్లేదు. వేడి ఊపిరి ముఖానికి కొట్టింది. అప్పుడు తిరిగింది. ఎడమకాలు పక్కకి జారింది, ఒక చెయ్యి వాడి మణికట్టు పట్టి లాగింది, రెండో అరచెయ్యి వాడి మెడ వెనక పడి, వాడు పోతున్న వైపుకే తోసింది.

నుదురు సిమెంటుకి తగిలి చిట్లింది.

అయినా పడలేదు. రక్తం కారే ముఖంతో తిరిగి ఆమె జుట్టు పట్టుకున్నాడు. సంయుక్త వాడి మోకాలి పక్కన మడమతో తన్నింది. కాలు వంగకూడని వైపుకి వంగింది. వాడు అరిచేలోపు గొంతు మీద మోచెయ్యి దిగింది. రాజేందర్ బోర్లా పడ్డాడు. ఇక కదల్లేదు.

పనివాళ్ళు వదిలేసిన కట్టర్ పట్టుకుని లావణ్య మీదకొచ్చింది. "అడ్డు రాకు!"

బ్లేడు సంయుక్త భుజాన్ని చీల్చింది. కట్టర్ ఉన్న ఆ చేతినే ఒడిసిపట్టి మెలితిప్పి, లావణ్యని నేలకి అదిమింది.

"అవినాష్ నీకేం ద్రోహం చేశాడే?"

లావణ్య చూపు స్క్రీన్ వైపు తిరిగింది.

పచ్చగీత చివరంచుకి చేరుతోంది. జామర్ లేదు. పాస్‌వర్డ్ తెలీదు. సంయుక్త ఒక్క ఉరుకున వెళ్ళి యాంటెన్నా కేబుల్‌ని రెండు చేతులా పెరికేసింది. విరిగిన ఎముక లోపల కెలికింది. కళ్ళు బైర్లు కమ్మాయి.

గీత ఆగిపోయింది. 'కనెక్షన్ ఫెయిల్డ్'.

అద్దం అవతల మెట్రో రైలు తన దారిన తాను రాయదుర్గం స్టేషన్‌లోకి వెళ్తోంది.

చప్పుళ్ళు విని, మాస్టర్ కీతో తలుపు తీసుకుని సెక్యూరిటీ గార్డు సీతాబాయి వచ్చింది. పడి ఉన్న రాక్షసుణ్ణి, నెత్తురు మరకల్ని, లేవబోతున్న లావణ్య వీపు మీద మోకాలు మోపి కూర్చున్న ఫైర్ ఇన్‌స్పెక్టర్‌ని తేరిపార చూసింది. నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏంది మేడమ్ గిది? జర అడగాలె గద! మా బిల్డింగుల షూటింగులకు పర్మిషన్ లేదు."